మా ఆయన కట్టిన నేటివ్ మాడ్యూలు

మా ఆయనకు వంట రాదు, బండి రాదు, ఊరికే కూర్చోవడమూ రాదు. మా నాన్న ఫొటో స్టూడియోలో సర్వరు మాత్రం ఆయనదే. జనం ఇంటినుంచి ఫొటోలు పంపుతారు, సర్వరు వాటిని ప్రింటు సైజుకు కుదిస్తుంది, కౌంటర్లో నేను తీసిస్తాను.

అంతా జావాస్క్రిప్టుతో బాగానే నడుస్తోంది. ఎవరో "కాస్త నెమ్మది" అన్నారట. అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది. కుదించే పనిని సి ప్లస్ ప్లస్‌లో రాసి నేటివ్ మాడ్యూలు చేశాడు. మామూలు జావాస్క్రిప్టు ఎక్కడ పడేసినా సర్దుకుపోతుంది. నేటివ్ మాడ్యూలు అలా కాదు, విండోసా, లినక్సా, ఏ రకం సిస్టం కోసం కడితే ఆ రకానికే ఒదుగుతుంది.

ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. షాపులో నెట్ పాకుతుంది, ఈయన బద్ధకం పరుగెత్తుతుంది. ఇంట్లో విండోస్ లాప్‌టాప్ మీద కట్టిన మాడ్యూళ్ల ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులో తెచ్చి, షాపులోని లినక్స్ సర్వర్లో కుమ్మరించాడు. పొద్దున మొదటి ఫొటో రాగానే సర్వరు గుడ్లు తేలేసింది.

ఆ ఫొటో ఒక టీచరమ్మ పంపిన క్లాసు ఫొటోల్లో మొదటిది. చదువు ముగించి వెళ్లిపోతున్న పిల్లలకు మధ్యాహ్నం పంచాలని వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

"అల్లుడుగారూ, మళ్లీ పడకేసిందా?" అన్నాడు నాన్న. "ఈ పూట లేవకపోతే సర్వరు ఇంకొకరికి అప్పజెప్తా. మీరు ఫంక్షన్లలో నా వెనకాల లైటు పట్టుకుందురుగాని."

మా ఆయన కీబోర్డు టకటకలాడించి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడే మళ్లీ కట్టాలి మావయ్యా. దానికి మాడ్యూలు కట్టిపెట్టే కంపైలరు నెట్ నుంచి దించుకోవాలి. ఈ నెట్‌తో సాయంత్రమవుతుంది."

"సాయంత్రానికి పిల్లలుండరు బాబూ," అంది టీచరమ్మ.

"పాతది ఉందిగా?" అన్నాను.

"అది ఎంత నెమ్మదో తెలుసా నీకు?"

"ఇప్పుడు అసలు రావట్లేదు కదండీ!"

నా వంక కొరకొరా చూసి, సొంత బిడ్డను బడి మానిపిస్తున్నట్టు మాడ్యూలు పీకేసి, పాత జావాస్క్రిప్టే పెట్టాడు. ఫొటోలు నీలుగుతూ, మూలుగుతూ వచ్చాయి. వచ్చాయి, అదీ ముఖ్యం. టీచరమ్మ కవరు చంకన పెట్టుకుని పరుగు తీసింది.

"సరే, సర్వరు మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు నాన్న. "పెన్‌డ్రైవు మాత్రం అమ్మాయి దగ్గర పెట్టి లోపలికెళ్లండి."

"అంటే నా మీద నమ్మకం లేదా మావయ్యా?"

"మీ మీద ఉంది. మీ బద్ధకం మీదే లేదు."