తోడల్లుడి బెల్టు

మా ఆయన ఎవరినీ చూసి కుళ్ళుకోడు, ఒక్క మా బావని చూసి తప్ప. ఆ ఒక్కణ్ణి చూసే పదిమందికి సరిపడా కుళ్ళుకుంటాడు, అది వేరే సంగతి.

మా ఆయన లిఫ్టు మెకానిక్. బావ, అంటే మా అక్క మొగుడు, మందుల షాపు నడుపుతాడు. తోడల్లుళ్ళిద్దరూ పొట్టలు తగ్గించుకుందామని ఒకే రోజు కరాటే క్లాసులో చేరారు. మొదట తెల్ల బెల్టు, అంటే ఇంకా ఏమీ రాదని. పసుపంటే తొలి వెలుగట, ఆకుపచ్చంటే మొలకట, గోధుమరంగంటే పంట చేతికొచ్చినట్టట. ఈ అర్థాలన్నీ కంచం ముందు కూర్చుని మా ఆయనే నాకు చెప్పేవాడు. పొట్టలు తగ్గలేదు గానీ నల్ల బెల్టు మాత్రం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. నలుపు తర్వాత ఇంకే రంగూ లేదు కదా అని నేను హమ్మయ్య అనుకున్నాను.

ఉందట. కట్టగా కట్టగా పైనున్న నల్ల గుడ్డ అరిగి లోపలి తెల్ల దారం బయటపడుతుందట. ఎంత తెల్లబడితే అంత సాధన చేసినట్టు. మా ఆయన ఏ లిఫ్టు ఆగిపోతే అక్కడికి పరిగెత్తాలి, కాబట్టి వారంలో సగం రోజులు క్లాసుకు ఎగనామమే. బావ షాపు కట్టేసి రోజూ వెళ్తాడు. ఇంకేముంది, బావ బెల్టు పీలికలైంది, మా ఆయనది నిగనిగలాడుతోంది.

అక్క ఫోన్ చేసి, "మీ బావ బెల్టు చూశావా? దారాలు వేలాడుతున్నాయే!" అనేది. చిరిగిన గుడ్డకు కూడా గొప్పలే! నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో మాస్టారికి మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. ఆదివారం ఇద్దరి బెల్టులూ చూసి, సాయంత్రం క్లాసు వీళ్ళిద్దరిలో ఒకరికి అప్పగిస్తానన్నారు. మా ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. పగలంతా లిఫ్టుల కింద చీకటి గుంతల్లో నూనె పూసుకుని పనిచేసే మనిషి, పదిమంది ముందు నిలబడి 'మాస్టారూ' అనిపించుకోవాలని ఆశ.

"ఆయనకి షాపుంది, బోర్డు మీద పేరుంది. ఇది కూడా ఆయనకేనా?" అన్నాడు.

ఆదివారం బాల్కనీలో గరగరమని చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, బెల్టు ఒళ్ళో పరుచుకుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు!

"ఇదేం చోద్యమండీ!"

"అరవకే. అరగ్గొడుతున్నా."

వద్దనాల్సింది పోయి నేనూ ఓ చెయ్యి వేశాను. అక్క నోరు మూతపడుతుందంటే ఆ మాత్రం కష్టపడలేనా? ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరున రుద్దిపారేశాం.

సాయంత్రం నేనూ క్లాసుకి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మాస్టారు ఇద్దరి బెల్టులూ చేతిలోకి తీసుకున్నారు. బావది ముడి పడేచోట పీలికలు, మిగతాదంతా నలుపే. మాది కొసల దాకా తెలుపే.

"ఏమయ్యా, బెల్టు అరిగేది ముడి దగ్గర కదా! నువ్వేమన్నా కొసలతో కరాటే చేశావా?" అన్నారు మాస్టారు.

పిల్లా పెద్దా గొల్లుమన్నారు. బావ ఒక్కడే నవ్వలేదు. అందుకు మా ఆయనకు ఇంకా మండింది.

"తెల్లబడాలని అంత తొందరగా ఉంటే, ఇదిగో, తెల్లదే కట్టుకో" అంటూ మాస్టారు కొత్త తెల్ల బెల్టు తీసి చేతిలో పెట్టారు. క్లాసు బావకిచ్చారు.

ఇక ఆ గడప తొక్కడనుకున్నాను. మర్నాడు తెల్ల బెల్టు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

"సిగ్గుగా లేదా మీకు?"

"సిగ్గెందుకు? వెనక వరసలో నిలబడి చూస్తా. నేర్పడమంటే మాత్రలు అమ్మడం అనుకున్నాడా మీ బావ? ఎక్కడో ఒకచోట తప్పు చెయ్యడా? అప్పుడు చెప్తా ఆయన పని."

వారమంతా అదే పంతంతో వెళ్ళాడు. ఒక సాయంత్రం మాత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏమైందండీ? తప్పు దొరికిందా?"

"మీ బావ నా దగ్గరికొచ్చి నా మోచెయ్యి సరిచేశాడే. ఇన్నేళ్ళూ నేను తప్పుగానే గుద్దుతున్నానట. నిజమేనే. ఆయన సరిచేశాక గుద్దు ఎంత బాగా వచ్చిందో!" అని బావురుమన్నాడు.