కోళ్ళు కలిసిపోయాయి

ముఖం కడుక్కోకముందే వెంకటరావమ్మ కోళ్ళగూడు దగ్గరికి వెళ్ళేది. తలుపు వెంటనే తీసేది కాదు. ముందు పెరట్లో రెండు చోట్ల నూకలు చల్లేది. కొన్ని గూటి ముందు, కొన్ని దూరంగా పత్తికట్టె మోపు వెనక. ఆ తర్వాత చెక్క మీద వేళ్ళతో తట్టి, "లేవండమ్మా, తెల్లారింది" అని తలుపు తీసేది. పెద్ద కోళ్ళు ముందున్న నూకల మీద పడేవి. ఆ సందులో చిన్నవి మోపు చాటుకు పరుగెత్తి నాలుగు గింజలు తినేవి. గోడకు ఇవతల తులసికోటకు నీళ్ళు పోస్తూ నేను రోజూ చూసేదాన్ని.

ఆ గూడు ఆమెది కాదు, పెద్ద కోళ్ళూ ఆమెవి కావు. అవి ఆ ఇంటి ఇల్లాలు నాగజ్యోతివి. నాగజ్యోతి భర్త అంకమ్మరావు. అతని పెళ్ళయ్యాక, భార్య పోయి ఒంటరిగా ఉన్న అతని తండ్రి వెంకటరావమ్మను రెండో పెళ్ళి చేసుకుని పొదిలి వైపు కౌలు పొలంలో కాపురం పెట్టాడు. ఆయన కాలం చేశాక పొలం వాళ్ళు ఇల్లు ఖాళీ చేయమన్నారు. అంకమ్మరావే వెళ్ళి, "మా ఇంటికొచ్చెయ్ పిన్నీ" అని తీసుకొచ్చాడు. అది మంచి మాటే, కాదనను. రేకు పెట్టె ఒకటి, తను పెంచుకున్న పెట్టపిల్లలున్న గంప ఒకటి పట్టుకుని ఆమె ఆటో దిగింది.

"పంచలో మంచమే పట్టట్లా, మళ్ళీ కోళ్ళు కూడానా?" అంది నాగజ్యోతి.

"ఉండనీవే, గుడ్లు పెడతయ్" అన్నాడు అంకమ్మరావు.

"పెట్టినప్పుడు చూద్దాంలే."

వెంకటరావమ్మ పిల్లల్ని పెరడు నడిమధ్య గంప కింద మూసింది. పెద్ద కోళ్ళు చుట్టూ తిరిగి గంప సందుల్లోంచి పొడిచేవి. నాకు జాలేసి, "పాపం, ఎందుకండీ అట్టా మూశారు?" అన్నాను.

"తెలియని ఇంట్లో ఒక్కసారే వదిలితే చంపేస్తయ్ అమ్మాయీ. ముందు ఒకదాని మొహం ఒకటి చూసుకోవాలి. పొడవాలన్న కసి గంప మీద తీరిపోవాలి." నవ్వింది. "నన్ను పంచలో పెట్టలా? అదీ ఇదే." గంప మీద చెయ్యేసి, "ఈ చోటు దక్కితే చాలు. ఈ వయసులో ఇంకో గడప ఎక్కలేను" అంది.

రైస్ మిల్లు నాగూర్ వలి అడక్కుండానే సంచిలో నూకలు పోసిచ్చేవాడు. "కోళ్ళకా అత్తా, నీకా?" అని ఆట పట్టిస్తే, "నాకైతే తవుడు చాలురా" అనేది. ఊళ్ళో ఆమెను అత్తా అని వరస పెట్టి పిలిచింది అతనొక్కడే. నాగజ్యోతి నోట ఆ పిలుపు నేను వినలేదు. ఎవరైనా అడిగితే, "పొదిలి నుంచి వచ్చినామె" అనేది. అట్లా అని చెడ్డ మనిషి కాదు. చలిరోజుల్లో పెద్దామె స్నానానికి కాగులో వేడినీళ్ళు మిగిల్చేది. ఇన్ని నీళ్ళు మిగిల్చిన చేతికి ఒక్క మాట ఎందుకు బరువైందో ఆ రాముడికే తెలియాలి.

పెద్ద కోళ్ళ కసి తగ్గాక, ఒక సందెవేళ అవి గూట్లో సర్దుకున్న తర్వాత, పిల్లల్ని ఒక్కొక్కటిగా తీసి గూటి అడ్డకర్ర మీద వాటి మధ్య కూర్చోబెట్టింది. "చీకట్లో పక్కన పడుకుంటే, తెల్లారేసరికి మనవే అనుకుంటయ్" అంది. నిజంగానే పెద్ద గొడవ జరగలేదు. ఒకటీ అరా పోట్లు తప్ప.

ఇంతలో నాగజ్యోతికి ఒక ఆలోచన వచ్చింది. మా వీధిలో ఒకరి కోళ్ళు ఒకరి కోళ్ళలో కలిసిపోకుండా కాలికి గుడ్డపీలిక కట్టడం మామూలే. పాత రవికలోంచి ఎర్రగుడ్డ చించి కొత్త పిల్లలన్నిటికీ కట్టింది. వెంకటరావమ్మ రేషన్ బియ్యానికి వెళ్ళి వచ్చేసరికి పెద్ద కోళ్ళు తెల్లపిల్లను మూలకు తోసి కాలు పీకుతున్నాయి.

"ఎర్రగుడ్డ కట్టావా తల్లీ? ఎరుపు కనపడితే రక్తమనుకుని పొడుస్తయ్."

"నాకేం తెలుసు? రేపు నావి, మీవి అని తగువు రాకూడదని కట్టా. మీ మంచికే."

నేను గోడ మీదుగా పసుపు అందించాను. ఆమె అద్దింది. పిల్ల మర్నాటికి లేదు. మిరపచేలోంచి వచ్చిన అంకమ్మరావు, "నీ కోళ్ళొచ్చిన కాడ్నుంచీ ఇంట్లో శాంతి లేదు పిన్నీ" అన్నాడు.

"నా కోళ్ళా, నేనా?"

అతను చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. మిగతా గుడ్డపీలికలు నాగజ్యోతే విప్పింది. ఒక్కో పిల్ల కాలూ తడిమి, గాయం లేదని చూసుకుని వదిలింది. నేను చూశాను.

మిరపకోతల నాటికి ఏవి కొత్తవో ఏవి పాతవో తెలియకుండా పోయింది. ఆ పెట్టలు గుడ్లు పెట్టాయి, ఇంట్లో అందరూ తిన్నారు. అప్పుడే నాగజ్యోతి తల్లికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆమెను తెచ్చి పంచలో ఉంచాలి. "కొన్నాళ్ళు కొత్తపట్నంలో మీ చెల్లెలి దగ్గరుండు పిన్నీ" అన్నాడు అంకమ్మరావు. ఎన్నాళ్ళో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

వెళ్ళేరోజు గంప దులిపి పెరట్లోకి వచ్చింది. నాగజ్యోతి గుమ్మంలోంచే మెత్తగా, "కోళ్ళని ఉండనీండి. కలిసిపోయాయిగా" అంది.

వెంకటరావమ్మ గంపను గూటి పక్కనే బోర్లించింది.

బస్సు దాకా పెట్టె నేనే మోశాను. నాగూర్ వలి దారిలో ఎదురై మరమరాల పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. బస్సు కనపడ్డాక నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒక సాయం చెయ్యి అమ్మాయీ. సందెవేళ గోడ మీంచి గూట్లోకి చూడు. మా బూడిదరంగు పెట్ట మధ్యలో కూర్చుంటుందో, చివర కూర్చుంటుందో."

"చివరుంటే?"

"చివరుంటే ఇంకా కలుపుకోలేదన్నమాటే. నాకు ఫోన్ చెయ్యి. వచ్చి తీసుకుపోతా. నా గంప ఇక్కడే ఉండిపోయినా, సముద్రపొడ్డున కొత్తపట్నంలో చేపలగంపలైనా దొరక్కపోవు."