ఉప్పుటేరు సంచిలో సముద్రపు గుల్లలు

ఒక గుడ్డసంచి బరువు ఏళ్ల తరబడి మోశాను. అందులో ఉన్నవి పిడికెడు గుల్లలే. ఇక మోయను. అంతా చెప్పేస్తాను.

సముద్రపొడ్డున ముత్తియాల్‌పేటలో మా ఇల్లు. మనవరాలు కల్యాణి సముద్రపు జీవుల మీద పరిశోధన చేసేది. ఏ తీరంలో ఏ గుల్ల దొరికితే అది, చోటుకొక సంచిలో కట్టి మెట్ల కింద పెట్టేది. నాకు గుల్లలంటే ముగ్గుపిండే. పొయ్యి నిప్పుల్లో కాల్చి, దంచి, జల్లించుకుంటాను. కొన్న పిండితో వాకిట్లో ఏనాడూ ముగ్గు పెట్టలేదు. ఒకరోజు పిండి అయిపోయింది. మెట్ల కింద ఒక సంచి చేతికందింది. దంచేశాను.

అది మురుంగపాక్కం ఉప్పుటేటి సంచి అని, స్నేహితురాలు ఏరి తెచ్చిందని, తానింకా విప్పి చూడలేదని మధ్యాహ్నం కల్యాణి మాటల్లో తెలిసింది. అప్పుడే చెప్పొచ్చు. అబద్ధమాడిన పిల్లలకు అన్నం పెట్టనిదాన్ని, నేనేం చేశాను? మా పేట సముద్రపొడ్డుకు పోయి, చేతికి దొరికిన గుల్లలు ఏరి, ఆ సంచి నింపి, మూతి బిగించాను.

కొన్నాళ్లకు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద మన తీరం పటం, ఏ చోట ఏ గుల్ల దొరికిందో గుర్తులతో.

“చూడవ్వా, ఏ దేశమోళ్లైనా దీన్ని చూడొచ్చు. దుడ్డు కట్టే పనిలేదు.”

“ఓసినీ, ఊరికేనా! ఈ తెల్లజాగాలు ఏందే?”

“ఆడ ఏముందో ఎవురూ చూడలేదు. యాడ ఖాళీ ఉంటే మేం ఆడికి పోతాం. మురుంగపాక్కం మొన్నటిదాకా ఖాళీనే. ఆ సంచిలోవి ఎక్కించినాక ఇప్పుడు నిండిపోయింది, నీ హుండీ మాదిరి!”

“అయితే ఇంక ఆడికి ఎవురూ పోరా?”

“ఎందుకు పోతారవ్వా? తెలిసిపోయింది కదా.”

ఖాళీగా ఉన్నంతకాలం ఆ చోటు నిజమే చెప్పింది. దాని నోట అబద్ధం పెట్టింది నేను. ఆ ఏట్లో ఏం బతుకుతోందో, ఏది చచ్చిపోతోందో చూడటానికి రావాల్సినవాళ్లను ఇంట్లో కూర్చునే దారి మళ్లించాను. భయపడ్డానా? కాదు. తప్పు చేసిన ముసలిదానిగా మనవరాలి ముందు నిలబడటానికి నా పెద్దరికం ఒప్పుకోలేదు. అంతే.

ఈ ఉదయం ఆమెకు చెప్పాను. కాఫీ పక్కన పెట్టి కంప్యూటర్ తెరిచింది. తన పేరుతో పెట్టింది తప్పని ఇప్పుడు అందరికీ తానే రాయాలి. చేసింది నేను, తలవంచేది ఆమె. క్షమించమని అడగలేదు. దాన్ని తీసెయ్యమన్నాను, మళ్లీ పోయి వెతకమన్నాను.

తీసేసింది. మురుంగపాక్కం మళ్లీ ఖాళీ అయింది. ఆమె గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

నేను తట్టలేదు. నోట్లోంచి మాట బయటపడింది. దాన్ని ఇక మింగే పని లేదు.