లిదియమ్మ వేలానికిచ్చిన పేరు

లిదియమ్మ ఇంట్లో ఏదీ రెండోది ఉండదు.

ఒక బిందె. ఒక గొడుగు. ఒక గోడ గడియారం. కొత్త దుప్పటి వస్తే పాతది ఆ వారంలోనే ఎవరింటికో పోతుంది. వాడకుండా పడి ఉన్న వస్తువును చూస్తే ఆమెకు ఊపిరి సలపదు. ఎవరో పెళ్లిలో ఇచ్చిన గాజు గ్లాసులు చర్చిలో కోతపండుగ దాకా ఉన్నాయి. తర్వాత లేవు. ఆమె భర్త మాల్యాద్రి వచ్చినవాళ్లతో అంటుంటాడు, "నేనొక్కడినే గాబట్టి ఇంకా ఉండాను. రెండో మొగుడుంటే నన్ను ఏనాడో వేలంపాటకు పెట్టేసేది."

ఆమె పుట్టింది సీతారామపురంలో. పెళ్లయి ఉదయగిరి వచ్చింది. కోటకొండ కింది వీధుల్లో కొన్ని ఇళ్ల వాళ్లు కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కుతారు. ఎదురింటి మస్తాన్‌బీ ఆమెకు పని నేర్పింది. ఆకురాయి చేతికిచ్చి, కొండ మీద దొరికే బిక్కి కర్రతో చెక్కిన చెంచా ఒకటి రుద్దమంది. రుద్ది చూపిస్తే చూడలేదు. "చెయ్యి మోటుది. పెదవిని అడుగు," అంది. లిదియమ్మ చెంచాను కింది పెదవి మీద నడిపించింది. ఒకచోట ఆగింది. మళ్లీ రుద్దింది.

ఇప్పుడు ఆమె వసారాలో ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని రుద్దుతారు. ఏ చెంచా అయినా పెదవి దాటిన తర్వాతే పెట్టెలోకి పోతుంది. ఆమె పక్కన కూర్చునేది హన్నమ్మ, ఆమె తోడికోడలు. తన ఇంటినుంచి తెచ్చుకున్న వేపకర్ర పీట మీద కూర్చుంటుంది. ఆ పీట మీద ఇంకెవరూ కూర్చోరు.

చెంచాలకు వెబ్‌సైటు కావాలన్నది రూబీ. ఆరుగురిలో ఫోను బాగా తెలిసినది. ఆత్మకూరులో నెట్ సెంటరు నడిపే అంకారావు సైటు తయారు చేశాడు. పేరు 'ఉదయగిరి చెంచా'. దాన్ని డాట్ కామ్ అని ఒకటి, డాట్ ఇన్ అని ఒకటి, రెండు తీసుకున్నాడు.

"ఒకటి చాలు గదా అబ్బయా," అంది లిదియమ్మ.

"చాలదక్కా. ఇంటికి వీధి తలుపు ఉండాది, దొడ్డి తలుపు ఉండాది. దొడ్డి దారిన నువ్వు రాకపోవచ్చు. గడియ మాత్రం నీ చేతిలో ఉండాల."

"వాడని తలుపు ఎందుకు? గోడ కట్టేస్తే పోలా?"

"దీనికి గోడ కట్టేది కుదరదు. నువ్వు తీసుకోకపోతే ఇంకొకడు తీసుకుంటాడు."

"తీసుకోనీ. వాడికి అవసరమేమో."

అంకారావు నవ్వి ఊరుకున్నాడు. రెండు పేర్లు ఆమె పేరు మీదే ఉన్నాయి. ఆమె ఇంటికి వచ్చింది గానీ ఆ రెండోది మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

కోతపండుగ వచ్చింది. ఆ రోజు బాప్టిస్టు చర్చికి ఎవరి పంట వాళ్లు తెస్తారు. గుమ్మడికాయలు, కందులు, కోళ్లు, గంపల్లో గుడ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. పాడుకున్నవాళ్లు వస్తువు తీసుకుపోతారు, పాట సొమ్ము చర్చికి పోతుంది. చెక్కేవాళ్లు చెంచాలు తెస్తారు. లిదియమ్మ కూడా తెచ్చింది. చేటలో చెంచాల పక్కన ఒక అట్టముక్క పెట్టింది. దాని మీద రూబీ చేత ఆ డాట్ ఇన్ పేరు రాయించింది.

పాస్టరుగారు అట్టముక్కను ఇటూ అటూ తిప్పి చూశారు. "ఇదేందమ్మా లిదియమ్మా?"

"పేరు అయ్యగారూ. కంప్యూటర్లో పేరు. నా దగ్గర రెండు ఉండాయి. ఒకటి దేవుడికి."

"కూరకు పనికొస్తదా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"ముందు గుడ్లు పెడతదేమో అడుగు."

చర్చి అంతా నవ్వింది. లిదియమ్మ కూడా నవ్వింది. అప్పుడు దయాసాగర్ చెయ్యెత్తాడు. హన్నమ్మ కొడుకు. ఆత్మకూరులో స్టీలు, ప్లాస్టిక్ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. పండుగకని వచ్చాడు. వింజమూరు టీచరొకాయన సరదాకి పాట పెంచాడు. దయాసాగర్ వదల్లేదు. నవ్వులు తగ్గాయి. పాట ముగిసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు అట్టముక్క మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, దయాసాగర్ చేతికిచ్చారు. హన్నమ్మ కళ్లు తుడుచుకుంది.

కొన్నాళ్లకు అంకారావు ఫోను చేశాడు. "అక్కా, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చుంటది. చదువు. సాగర్ ఆ డాట్ ఇన్ మీద సైటు పెట్టుకుంటాడంట." లిదియమ్మ చేతికంటిన కర్రపొడి తుడుచుకుని నంబరు చదివింది. ఇచ్చేయడం అంతటితో పూర్తయిందనుకుంది. దయాసాగర్ కూడా అలాగే అనుకున్నాడు.

ఆ పేరు గురించి ఆమె మళ్లీ ఆలోచించలేదు, సుధారాణి ఫోను చేసేదాకా.

సుధారాణికి బెంగళూరులో చెక్కసామాన్ల షాపు ఉంది. ఈ వసారాలో తయారయ్యే సరుకంతా ఆమే కొంటుంది. ఫోను వచ్చినప్పుడు లిదియమ్మ చేతులు ఖాళీగా లేవు. రూబీ స్పీకరు పెట్టింది.

"లిదియమ్మ గారూ, ఉదయగిరి చెంచా డాట్ ఇన్ మీదేనా?"

వసారాలో ఆకురాళ్లు ఆగాయి. హన్నమ్మది కూడా.

"ఏమయిందమ్మా?"

"మా రెండో షాపు వాళ్లు మీదే అనుకుని దాంట్లో తెప్పించారు. అన్నీ మెషిన్ చెంచాలు, పైన రంగు. ఒక కస్టమర్ వాళ్ల పాపకు పెదవిలో కర్ర పేడు గుచ్చుకుంది."

"మావి కావమ్మా."

"మీరు చెబితే నేను నమ్ముతాను. కొనేవాళ్లు నమ్మరు. కొత్త పెట్టెలు శనివారం ప్రింటుకు పోతాయి. మీ పేరుతో ఇంకొకరు అమ్ముతుంటే ఆ పేరు నేను పెట్టె మీద వేయలేను. సరుకూ తీసుకోలేను. రెండు సైట్లూ మీ చేతిలో ఉన్నాయని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి."

సుధారాణి ఫోను పెట్టేసింది. సుధారాణి తీసుకోకపోతే ఆ వసారాలో రేపటికి పని లేదు. అది అందరికీ తెలుసు. ఎవరూ లిదియమ్మ వైపు చూడలేదు. హన్నమ్మ వైపూ చూడలేదు.

"వాడు పాటలో కొన్నాడు," అంది హన్నమ్మ, తల ఎత్తకుండా.

"అవును."

"పెట్టింది నువ్వే గదక్కా."

"అవును."

హన్నమ్మ మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. చెంచా ఎప్పుడో నున్నబడింది. అయినా రుద్దుతూనే ఉంది.

అన్నం దగ్గర మాల్యాద్రి అన్నాడు, "ఇచ్చింది దేవుడికి. అడగాల్సింది దేవుణ్ణి. సాగర్ గాణ్ణి అడిగితే ఏమొస్తది?"

"పాప పెదవిలో పేడు గుచ్చింది దేవుడా?"

అతను చెయ్యి కడుక్కుని లేచాడు.

శుక్రవారం ఆమె నెల్లూరు బస్సెక్కి ఆత్మకూరులో దిగింది. దయాసాగర్ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. లోపల నేల మీద బస్తాలు. ఒక బస్తా మూతి తెరిచి ఉంది. లిదియమ్మ అందులోనుంచి ఒక చెంచా తీసి పెదవికి ఆనించింది. వెంటనే తీసేసింది.

"కూర్చో పెద్దమ్మా. కూల్‌డ్రింకు తెప్పించనా?"

"ఆ పేరు ఇచ్చేయిరా సాగరా."

"అమ్మ చెప్పిందిలే. నేనేం మోసం చేసినాను? చెంచా అని రాసినాను, చెంచా అమ్మినాను."

"సైటులో మీ అమ్మ ఫోటో పెట్టినావు, రూబీ చూపించింది. ఆకురాయి పట్టుకుని ఉండాది. ఇవి మీ అమ్మ రుద్దినవా?"

"మా అమ్మ ఫోటో నేను గాక ఎవరు పెట్టుకోవాల?"

ఆమె చెంచాను బస్తాలో వేసింది.

"మీ సరుకు ఎప్పుడైనా నాకిచ్చినావా పెద్దమ్మా? ఒక్క పెట్టె?"

"నువ్వు అడగలా."

"అడిగితే ఇచ్చేదానివా?"

లిదియమ్మ బస్తా మూతి మడిచింది. ఇచ్చేది కాదు. చేసిందంతా పంపినా బెంగళూరుకే చాలేది కాదు.

"అందరి ముందు పాడినాను. టీచరు పెంచినా వదలకుండా పాడినాను. ఇప్పుడొచ్చి ఇచ్చేయంటే ఎట్టా? కొన్న గుమ్మడికాయను ఎవరన్నా తిరిగి అడిగినారా?"

ఆమె లేచి బయటికి వచ్చింది. ఎండలో నిలబడింది. తర్వాత అంకారావు సెంటరుకు నడిచింది.

అంకారావు ఆమె చెప్పింది విన్నాడు. కంప్యూటర్లో ఏదో చూశాడు. మళ్లీ చూశాడు.

"అక్కా, ఈడ సాగర్ పేరే లేదే. రెండూ నీ పేరు మీదే ఉండాయి. ఫోను నంబరు కూడా నీదే."

"నేను పాటలో ఇచ్చేసినాను గదా."

"చర్చిలో ఇచ్చినావు. ఈడ ఇయ్యలా."

"నంబరు చదివి చెప్పినాను గదా అబ్బయా, ఆ రోజు?"

"అది వాడి సైటు తగిలించేదానికి. సొంతదారు పేరు మార్చమని నువ్వూ చెప్పలా, వాడూ చెప్పలా. నేనేమో మీ ఇంటి సంగతి అనుకున్నాను." అతను గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నంబరు పంపిస్తాను. పది నిమిషాలుంటది. నువ్వు చదివితే వాడి సైటు ఇప్పుడే తీసేస్తా."

ఆమె చేతిలో ఫోను కదిలింది. అంకెలు కనిపించాయి. చదవడానికి నోరు తెరిచింది. పాస్టరుగారి చెయ్యి అట్టముక్క మీద ఉండటం గుర్తొచ్చింది.

"సాగర్ని పిలువు," అంది.

"వాడెందుకక్కా? టైము పోతది."

"వాడి వెనక చెయ్యను."

దయాసాగర్ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. "ఏంది పెద్దమ్మా, పంచాయతీ పెట్టినావా?" అంకారావు విషయం చెప్పాడు. దయాసాగర్ వంగి తెర మీద చూశాడు. తర్వాత నవ్వాడు.

"అంటే ఇన్నాళ్లూ నేను నీ ఇంట్లో బాడుగకు ఉండానా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది."

"అయ్యగారు చేసిన ప్రార్థన లెక్కలోకి రాదా?"

"వస్తది. అందుకే పిలిచినాను. నేను లాక్కునేదానికంటే నువ్వు ఇస్తే మేలు. ఇయ్యరా."

"ఇయ్యను. ఆ బస్తాలు ఏం చేసుకోను?" అతని గొంతు పెరిగింది. "తీసుకో. దేవుడికిచ్చింది వెనక్కి లాక్కున్నావని ఉదయగిరంతా చెప్పుకుంటారు. మా అమ్మ నీ పక్కన కూర్చుంటదనుకుంటా ఉండావా?"

లిదియమ్మ ఫోను వైపు చూసింది.

"టైమయిపోయిందక్కా," అన్నాడు అంకారావు. "ఆ నంబరు ఇంక చెల్లదు."

"చూసినావా?" అన్నాడు దయాసాగర్. "దేవుడే ఒద్దన్నాడు."

ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో బండి స్టార్టు చేయలేక తన్నుతున్నారు. లిదియమ్మ కొంగుతో పెదవి తుడుచుకుంది. చెంచా గీరినచోట ఇంకా మంటగా ఉంది.

"ఇంకోటి పంపు అంకారావూ."

ఫోను మళ్లీ కదిలింది. ఆమె దయాసాగర్ కళ్లలోకి చూసింది. తర్వాత ఫోనులోకి చూస్తూ ఒక్కొక్క అంకె విడివిడిగా చదివింది. కంప్యూటరు తెర మీద ఫోటోలో హన్నమ్మ ఆకురాయి పట్టుకుని ఉంది. తర్వాత లేదు. తెల్లటి పేజీ మిగిలింది.

దయాసాగర్ వెళ్లిపోయాడు.

"దీన్ని నీ సైటుకు తిప్పనా అక్కా? ఇందులోకి వచ్చినోళ్లంతా నీ దగ్గరికే వస్తారు. గిరాకీ పెరుగుతది."

"ఒద్దు."

"ఉట్టిగా ఉంచుతావా?"

"ఉట్టిగానే ఉంచు. దాని మీద నేను అమ్ముకోను."

"ఏటేటా కట్టాల మరి."

"కడతాను."

ఆమె అక్కడినుంచే సుధారాణికి ఫోను చేసింది. సుధారాణి తన దగ్గర తెరిచి చూసుకుంది. "ఇక రెండూ మీవే కదండీ?" అని అడిగింది.

"దొడ్డి గడియ నా దగ్గర ఉండాదమ్మా," అంది లిదియమ్మ.

పెట్టెలు ప్రింటుకు పోయాయి.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి ఆమె లేచి నిలబడింది. ఎవరికో జ్వరం తగ్గిందని, ఎవరికో ఉద్యోగం వచ్చిందని అప్పటిదాకా చెప్పారు. ఆమె చెప్పింది చిన్నది. "కోతపండుగకు ఒక పేరు ఇచ్చినాను. సాగర్ పాడుకున్నాడు. శుక్రవారం వెనక్కి తీసుకున్నాను. వాడు ఇయ్యలా, నేనే తీసుకున్నాను. దానిమీద ఏమీ అమ్మను. వచ్చే పండుగకు దానికి మించింది తెచ్చి ఇస్తాను." కూర్చుంది.

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కీర్తన నంబరు చెప్పారు. పక్కన కూర్చున్న హన్నమ్మ చాప మీద కొద్దిగా దూరం జరిగింది. పాట మొదలయ్యాక ఇంకొంచెం జరిగింది.

సోమవారం వసారాలో ఐదుగురే కూర్చున్నారు. వేపకర్ర పీట గోడవారన ఉంది. హన్నమ్మ రాలేదు. పీట కోసం ఎవరినీ పంపలేదు. మరుసటి రోజూ రాలేదు.

వారం గడిచింది. ఊడుస్తూ మాల్యాద్రి పీటను చేతిలోకి తీసుకున్నాడు. "దీన్ని వాళ్లింట్లో ఇచ్చేసి రానా? ఎవరూ కూర్చోరు గదా."

లిదియమ్మ చెంచాను పెదవి మీద నడిపిస్తోంది. ఒకచోట ఆగింది.

"ఉండనీ," అంది.

మాల్యాద్రి పీటను యథాస్థానంలో పెట్టాడు. ఆమె ఆకురాయి అందుకుంది.