ఆదెయ్యకు దక్కని గుడ్ మార్నింగ్

నెల్లూరు ట్రంకురోడ్డులోని ఒక పెద్ద బట్టల షాపులో, గాజు తలుపు దగ్గర రోజారమణి నాలుగేళ్లుగా నిలబడుతోంది. ఎర్రంచు చీర, జడలో కనకాంబరాలు, జోడించిన చేతులు. తలుపు తెరుచుకుంటే "గుడ్ మార్నింగ్ సార్, వెల్‌కమ్" అనాలి. సంచులతో బయటికి వెళ్లేవాళ్లకు "థాంక్యూ మేడమ్, విజిట్ అగైన్" అనాలి. మధ్యాహ్నమైతే మార్నింగు పోయి ఆఫ్టర్‌నూన్ వస్తుంది, దీపాలు పెట్టాక ఈవినింగ్. నవ్వు మాత్రం మూడు పూటలా ఒకటే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఆ నోటిని మోస్తూ పది గంటలు నిలబడే కాళ్ల సంగతి ఏ సామెతా చెప్పదు.

ఆ మాటలు ఆమెకు పుట్టుకతో వచ్చినవి కావు. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాలెం ఆమెది. అక్కడ మనిషి ఎదురైతే "అన్నం తిన్యావా?" అంటారు, అదే పలకరింపు. వెళ్లేటప్పుడు "వస్తా" అంటారు. "పోతా" అన్నవాడికి పెద్దవాళ్ల చేతిలో మొట్టికాయ తప్పదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పొయ్యి ముందు కూర్చుని ఇంగ్లీషు మాటలు వల్లెవేస్తుంటే, వాళ్ల నాయన ఆదెయ్యే మొదటి కస్టమరయ్యాడు. వాకిట్లోకి వెళ్లి, మళ్లీ గుమ్మంలో తల వంచి లోపలికొచ్చేవాడు. ఆమె లేచి చేతులు జోడించేది.

"గుడ్ మార్నింగ్ సార్, వెల్‌కమ్."

"ఏందిమే, నన్ను సారంటా ఉండావా?" అని ఆదెయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

యాభై ఎనిమిదేళ్లలో ఆయన్ని సార్ అన్న మనిషి పుట్టలేదు. చేపల బేరగాళ్ల నోట్లో ఆయన ఎప్పుడూ "ఒరే ఆదిగా"నే. అందుకే ఆయన ఆ ఆట రుచి మరిగాడు. కూతురు రాత్రి బస్సు దిగి వస్తే చాలు, "ఇంకోతూరి అనుమే" అని గుమ్మంలో తయారు. తల్లి మాలకొండమ్మ ఊరుకునేది కాదు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! సారుకి చొక్కా గుండీలు లేవు గానీ, గుడ్ మార్నింగ్ కావాలంట."

"నీకేం తెలుసు, ఊరుకోమే. ఒకనాడు నేను షాపుకే వస్తా. ఆ అద్దాల తలుపు కాడ, అందరి ముందరా అనాల నా కూతురు" అన్నాడాయన.

"రా నాయనా, ఎందుకనను?" అంది రోజారమణి. ఆ రోజు ఆమె మనసులో కల్మషం లేదు.

అన్నట్టుగానే వచ్చాడు. ఆషాఢం తగ్గింపు ధరల రోజులు, షాపు కిటకిటలాడుతోంది. తెల్లచొక్కా తొడుక్కుని, తలకు నూనె పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగి, గుడి ముందు విడిచినట్టు చెప్పులు విడిచాడు. షాపులోకి చెప్పులతో పోవచ్చని ఆయనకెవరూ చెప్పలేదు మరి. బూట్లేసుకున్న జనం మధ్య ఉత్త కాళ్లతో చల్లని బండల మీద నిలబడి, కూతురి ముఖంలోకి చూశాడు. ఎన్ని స్నానాలు చేసినా వదలని ఎండుచేపల వాసన ఆయనతో పాటే లోపలికి వచ్చింది. పక్కనున్న ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కౌంటరు దగ్గర్నుంచి మేనేజరు ఇటు తిరిగాడు.

రోజారమణి చేతులు లేవలేదు.

తలుపుకు అవతలి పక్కన నిలబడే డెబోరా మెల్లిగా అడిగింది: "ఎవరు రోజా? నీ వైపే చూస్తా ఉండాడు."

"మా ఊరాయన."

ఆదెయ్య విన్నాడు. ముఖంలో ఏ మార్పూ రానివ్వలేదు. వెనక్కి తిరిగి, వాచ్‌మన్‌తో "తువ్వాల కోసరం వచ్చినాను సామీ, మళ్లా వస్తా" అని, మెట్లు దిగి చెప్పులేసుకున్నాడు. కూతురి పరువు కాపాడటానికి పరాయివాడిలా నడిచిపోయాడు. ఇసుకలోకి వల తీసుకుపోయేటప్పుడు కూడా కూతురికి "వస్తా" చెప్పే మనిషి, ఆ రోజు ఆమెకు చెప్పలేదు. చావింటి నుంచి వెళ్లేవాళ్లే అలా చెప్పకుండా వెళ్తారు.

ఆ సాయంత్రం మాలకొండమ్మ అడిగితే, "జనం జాస్తిగా ఉండారు, నేను లోపలికే పోలా" అన్నాడు. తల్లికి తెలిస్తే కూతుర్ని తిడుతుందని ఆ అబద్ధం. ఆ తర్వాత ఆయన గుమ్మంలో నిలబడి గుడ్ మార్నింగ్ అడగలేదు. అన్నం తిన్యావా అని మాత్రం రోజూ అడిగాడు. ఆ అడగడమే ఆమెకు శిక్ష అయింది.

చెప్పాలనే ఉంది ఆమెకు. రోజుకు మూడువందలసార్లు ఊరందరికీ అనే మాట, ఇంట్లో ఒక్కసారి అంటే సరిపోయేది. కానీ పొద్దున బస్సు తొందర, రాత్రికి ఒళ్లు హూనం. పైగా సిగ్గు. ఆదివారం చెబుదామనుకుంది. ఆషాఢమని షాపువాళ్లు ఆదివారం సెలవివ్వలేదు. ఆలస్యం అమృతం విషమని పెద్దలు ఊరికే అన్నారా?

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆదెయ్య ఒడ్డున వల బాగుచేస్తూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఆటో నెల్లూరు చేరకముందే ప్రాణం పోయింది. ఆ సమయంలో రోజారమణి ఎవరికో చేతులు జోడించి "థాంక్యూ సార్, విజిట్ అగైన్" అంటోంది. వాచ్‌మన్ పరుగున వచ్చి ఫోన్ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఎత్తారు. పాలెం దాటాక దారిలో పాడె దించారు. దింపుడు కళ్ళం అంటారు దాన్ని. అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఏమో, ప్రాణం ఏ మూలన్నా ఉంటే పలుకుతుందేమోనని. ఆ పాలెంలో ఆడవాళ్లు అంతవరకే వస్తారు. కొడుకులు లేరు గనక పెద్దమనిషి జకరయ్య రోజారమణిని ముందుకు పిలిచాడు.

"పిలువమ్మా. నాయనా అని మూడుతూర్లు పిలువు."

ఆమె ఇసుకలో మోకాళ్ల మీద కూలబడింది. చెవి దగ్గర నోరు పెట్టి "నాయనా" అంది. మళ్లీ "నాయనా" అంది. మూడోసారి లేచి నిలబడి, చేతులు జోడించింది. షాపులో ఏనాడూ అననంత గట్టిగా అంది.

"గుడ్ మార్నింగ్ సార్. వెల్‌కమ్ సార్."

జనం గుసగుసలాడారు. పిల్లకు మతి చలించిందని ఎవరో ఆమె భుజం పట్టుకోబోయారు.

"పట్టుకోబాకండి" అంది మాలకొండమ్మ ఏడుస్తూ. "ఆ మాటంటే ఆయనకి ప్రాణం. చెప్పనీండి."

పాడె మళ్లీ లేచింది. ఆడవాళ్లలో, షాపు చీరతోనే వచ్చిన డెబోరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రోజారమణి ఆమె వైపు తిరిగింది.

"ఆ రోజు అడిగినావే డెబోరా, ఎవరని. మా నాయన."