మనవడికి వేసిన ధూపం

ప్రొద్దుటూరులో నాది చిన్న వడ్రంగి షాపు. పులివెందులలో ఇల్లు కట్టుకుంటున్న ఒక రైతు, మెట్ల రెయిలింగుకు గుండ్రటి కాళ్లు తీసిమ్మని ఆరు దుంగలు పంపించాడు. ఏ దేశపు కట్టెనో ఏమో, పేరు చెప్పినా నాకు నోరు తిరగలేదు. ఎర్రటి కట్టె, మధ్యలో నల్లటి చారలు. ఒక ముక్కను నీళ్ల డ్రమ్ములో వేస్తే రాయి మునిగినట్టు మునిగింది. మేకు కొడితే మేకే వంగింది. మొదటి రోజుకే రంపం పళ్లు మొద్దుబారిపోయాయి.

"ఇది మనతో అయ్యే పని కాదు బావా, వాపసు పంపిచ్చేద్దాం" అన్నాడు నాతో పనిచేసే మా బామ్మర్ది.

నాకు ఒళ్లు మండింది. "ముప్పై ఏండ్లు తుమ్మా చండ్రా కోసినోన్ని. కట్టెకు భయపడి వాపసు పంపిచ్చాల్నా?" అని వాడి మీద ఇంతెత్తున లేచాను.

లేత్‌కు ఎక్కించాక ఎట్లాగో లొంగింది. ఉలి ఆనిస్తే సన్నటి చుట్టలు కొన్ని లేచేవి, మిగతాదంతా మొహానికి పూసుకునే పౌడరంత మెత్తటి పొడి. దాని వాసన ఉంది చూశారూ, గంధమూ దాల్చినచెక్కా కలిపి నూరినట్టే! అప్పటికి మా కూతురు కాన్పుకొచ్చి ఇంట్లోనే ఉంది. మనవడు పుట్టి ఇరవై రోజులు. రోజూ నీళ్లు పోశాక బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం నా భార్య పని. నా మనవడికి ఇంతకంటే మంచి ధూపం ఎవరు తెస్తారులే అనుకుని, ఆ చుట్టలు ఏరి ఒక కవరు నిండా ఇంటికి తీసుకుపోయాను.

ఆమె వాసన చూసి మురిసిపోయింది. "సాంబ్రాణి ఎందుకింక, రేపు ఇదే యాస్తా" అంది.

మరునాడు పొద్దున షాపు తెరిచిన కాసేపటికే మణికట్ల దగ్గర దురద మొదలైంది. చూస్తుండగానే చేతులంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. కళ్ల రెప్పలు వాచిపోయాయి, ఎదలో ఏదో పట్టేసినట్టయింది. బామ్మర్ది నా మొహం చూసి బెదిరిపోయి, రైతునడిగి నంబరు తీసుకుని, కట్టె అమ్మిన అంగడికి ఫోన్ చేశాడు.

అవతలి మనిషి తాపీగా చెప్పాడు: "ముక్కుకు గుడ్డ కట్టుకోలేదా అప్పా? ఆ పొడి కొందరికి పడదు. పొయ్యిలో గూడా పెట్టొద్దండి, పొగ ఇంకా చెడ్డది."

గోడ గడియారం వైపు చూశాను. పదిన్నర. సరిగ్గా బిడ్డకు నీళ్లు పోసే వేళ.

నా భార్యకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కూతురూ ఎత్తలేదు. మా ఇల్లు మైదుకూరు దారిలో ఒక పల్లెలో ఉంది. బామ్మర్ది బండి తోలుతుంటే వెనక కూర్చుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. దారిలో చర్చి కనబడితే దానికీ మొక్కాను. మా సందు మలుపు తిరగ్గానే ఆ తియ్యటి వాసన ముక్కుకు తగిలింది.

"ఆర్పేయే! నీళ్లు పోయ్ దాని మీద!" వాకిట్లోంచే అరిచాను.

నా భార్య బిడ్డను ఒళ్లో పెట్టుకుని నిప్పుల చిప్ప ముందు కూర్చుని ఉంది. "ఏందయ్యా ఆ మొగం? ఏమైంది నీకు?" అంటూ అదిరిపడింది. బిడ్డ ఏడవడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఊపిరి లాగినప్పుడల్లా వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి, గొంతులో సన్నగా పిల్లికూత వినబడుతోంది.

ఆటోలో ప్రొద్దుటూరు పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, కాసేపటికి బయటికొచ్చి, "ఏం పొగ వేశారు?" అని అడిగింది. కూతురు ఫోన్ చేస్తే మా అల్లుడు జమ్మలమడుగు నుంచి అప్పుడే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సాంబ్రాణేనమ్మా" అంది నా భార్య, నా వైపు చూడకుండా.

నా కోసమే ఆ అబద్ధం. నిజం తెలిస్తే అల్లుడు మళ్లీ బిడ్డను నా గడప తొక్కనిస్తాడా? నేనూ నోరు మూసుకున్నాను. ఎంతసేపని? ఒక్క నిమిషం కూడా ఉండదు. కానీ దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. లోపలి నుంచి మళ్లీ పిల్లికూత వినబడింది. డాక్టరమ్మ ముందు రెండు చేతులూ చాపాను.

"సాంబ్రాణి కాదమ్మా, ఫారిన్ కట్టె. నా చేతులు చూడండి. నేనే తెచ్చిచ్చినా."

ఆమె నా దద్దుర్లు చూసి గబగబా లోపలికి వెళ్లి మందు మార్చింది. సాయంత్రానికి కూత తగ్గి బిడ్డ పాలు తాగాడు. అల్లుడు నాకు వీపు తిప్పి బిడ్డ పక్కన కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

దుంగలు పులివెందులకు వాపసు పోయాయి. ఇప్పుడు మనవడికి మూడేళ్లు. వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు అదే భయం. ఆ రోజు కోసింది వేపైనా, టేకైనా సరే, ఒళ్లు కడుక్కుని బట్టలు మార్చేదాకా వాణ్ని ముట్టను. ఎదురొస్తే "ఆడే ఉండు!" అని గట్టిగా అరుస్తాను.

మొన్న నేను బండి ఆపేసరికి వాడు అరుగు మీద ఉన్నాడు. నేనింకా నోరు తెరవనే లేదు, రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, "నేను ఈడే ఉండా తాతా, నువ్వు పోయి నీళ్లు పోసుకో" అన్నాడు.