గట్టు అటువైపు ఉంది

పోయిన బుధవారం పొద్దున్న పాసింజరులో మా పెద్దమ్మాయి విజయనగరం నుంచి ఒక్కతే వచ్చింది. నేను రైసుమిల్లుకి బయలుదేరబోతున్నాను. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "నాన్నా, మా టీచరమ్మ పోనారు" అంది. నిద్రలోనే పోయారట.

రిటైరైన తర్వాత ఆవిడ విజయనగరంలో తమ్ముడుగారింట్లో ఉంటున్నారు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఆమదాలవలసలో మా పక్కవాటాలో, తల్లితో కలిసి అద్దెకుండేవారు. హైస్కూల్లో ఆడపిల్లలకి డ్రిల్లు టీచరు. నేను మిల్లులో రోజువారీ లెక్కలు రాసే మనిషిని, మనుషుల గురించి రాసిన అలవాటు లేదు. అయినా ఆవిడ గురించి ఎవరో ఒకరు రాయాలనిపించింది.

ఆవిడ విజిలు మెడలో వేసుకునేవారు కాదు. చీర చెంగుకి ముడివేసుకునేవారు. బజారుకి వెళ్ళినా అది అక్కడే. ఒకసారి సంతలో ఒక ఎద్దు వంకాయల గుట్ట మీదికి పోతుంటే గట్టిగా విజిలూదారు. ఎద్దు ఆగింది గాని వంకాయలమ్మే మనిషి పరుగు తీసింది. ఫుట్‌బాలుని గోనె సంచిలో వేసుకుని వీధిలో నడిచి వచ్చేవారు. దారిలో సైకిలు షాపు దగ్గర గాలి కొట్టించి, కొబ్బరికాయ ఎంచుకునేవాళ్ళలాగా చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూసేవారు. "పలికింది" అంటేనే షాపువాడు పంపు తీసేవాడు.

నేను చెప్పబోయేది అరవైల చివరి ఏళ్ళ సంగతి. అప్పటికి ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతారని మావైపు ఎవరూ వినలేదు. దేశం మొత్తానికే ఆడవాళ్ళ జట్టు లేని రోజులు. ఆవిడ ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడిగారు. అందరూ నిక్కర్ల దగ్గరే ఆగిపోయారు. మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"నిక్కరేసుకుని ఈదిలో గెంతితే దీనికి పెళ్ళవుతాదేటమ్మా?" అంది మా అమ్మ.

"నిక్కరెవరు అడిగారు పిన్నీ? ఉభాలకి దిగినప్పుడు నువ్వు సీర ఎక్కడిదాకా ఎగ్గడతావు?"

ఉభాలంటే వరినాట్లు. మా అమ్మ పెళ్ళైన నాటి నుంచీ ఉభాలలో ముందువరస మనిషి.

"మోకాలిదాకా. బురదలో మరెలా?"

"ఎవులైనా ఏటైనా అన్నారా?"

"మడిలో ఏటంతారు?"

"అయితే ఆ గ్రౌండు కూడా మడే అనుకో. నీ మనవరాలు అలాగే కట్టుకుని వస్తాది."

మా అమ్మ ఇంకో గింజ తీసి పడేసింది. "కాసెకట్టు నేనే నేర్పుతానులే. నీకు రాదు" అంది. మర్నాటి నుంచి పరికిణీలు, ఓణీలు గోచీ పోసి ఎగ్గట్టుకుని పదిపన్నెండు మంది పిల్లలు తయారయ్యారు. ఆ గుంపుకి గోల్‌కీపరు మా అమ్మాయే.

స్కూలువాళ్ళు వాళ్ళకి సాయంత్రం ఒక గంట, అదీ సగం గ్రౌండే ఇచ్చారు. గోలు కర్రలున్న సగం మగపిల్లలది. వీళ్ళ సగానికి చివర పొలం గట్టు తప్ప ఏమీ లేదు. గట్టు మీద రెండు చెప్పులు పెట్టి అదే గోలు అనుకునేవారు. మా అమ్మా, ఇంకొందరు తల్లులూ అక్కడికి వచ్చి కూర్చునేవారు. మొదట్లో పిల్లలందరూ బంతి ఎటుపోతే అటు ఒకే మూకగా పడేవారు.

"ఏటే ఆ కోడిపిల్లల పరుగు! వరస కట్టండే!" అని మా అమ్మ కేకేసింది.

టీచరమ్మగారు ఆ మాట పట్టుకున్నారు. నాట్లు వేసేవాళ్ళు ఒకే వరసలో, ముందుకి చూస్తూ, వెనక్కి నడుస్తారు. ఒకరు వెనకబడితే పక్కవాళ్ళు వాళ్ళ జాగా కూడా వేస్తారు గాని వరస విడిపోనివ్వరు. ఎదుటివాళ్ళు బంతితో వస్తున్నప్పుడు మన పిల్లలు అలాగే, ముఖం తిప్పకుండా, వరస చెడకుండా వెనక్కి జరగాలన్నారు. అడుగు కలవడానికి ఉభాల పాట పాడించారు. పాటతో ఆడే ఫుట్‌బాలు చూడ్డానికి స్టేషను నుంచి కూడా జనం వచ్చేవారు.

మగపిల్లలకి ఇది గిట్టలేదు. మొత్తం గ్రౌండు తమకే కావాలని గొడవ పెట్టారు. అప్పుడే ఒరిస్సాలోని పర్లాకిమిడి నుంచి ఒక హాస్టలు ఆడపిల్లల జట్టు ఆడటానికి వస్తామని కబురు పంపింది. హెడ్మాస్టరుగారు టీచరమ్మగారిని పిలిచి, "ఈ ఆటలో గెలవండి. గెలిస్తే ఆ గంట మీదే, గ్రౌండంతా మీదే. ఓడితే మరి అడక్కండి" అన్నారు. ఆవిడ సరేనన్నారు. ఆ సాయంత్రం మా గోడ దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం చెంగుకున్న విజిలుని వేళ్ళతో తిప్పుతూనే ఉన్నారు.

ఆదివారం నాడు ఒడియా పిల్లలు రైలు దిగారు. బూట్లు, మేజోళ్ళు, ఒకే రంగు చొక్కాలు. మావాళ్ళు వట్టికాళ్ళతో ఉన్నారు. వాళ్ళ మాట వింటూ మా అమ్మ, "పరదేశం జట్టే వచ్చీసిందిరా బాబూ" అంది. ఆ ఆట కోసం మా పిల్లల సగంలో కూడా, గట్టుకి కొంచెం ముందు, కొత్తగా గోలు కర్రలు పాతారు. గట్టు పొడవునా జనం నిలబడ్డారు. రైల్వేలో పనిచేసే ఒకాయన రిఫరీ.

ఆట మొదలైన కొద్దిసేపటికే బంతి మా వైపు వచ్చింది. పిల్లలు పాటెత్తుకుని, చక్కగా వరస కట్టి, వెనక్కి జరిగారు. జరిగి జరిగి గోలు కర్రలు కూడా దాటిపోయి, వెనకున్న పొలం గట్టు తగిలే దాకా ఆగలేదు. ఇన్నాళ్ళూ అలవాటైన గోలు అదే కదా! కర్రల మధ్య మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. "ఒసే, ఎక్కడికే! ఇటు రండే!" అని అది అరుస్తుండగానే గోలైపోయింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మరి కాసేపటికి మళ్ళీ అలాగే రెండోది. ఒక మగపిల్లవాడు, "నాట్లయిపోనాయి, ఇంటికి పోండే!" అని అరిచాడు.

సగం ఆట అయ్యాక పిల్లలు తలలు వంచుకుని ఆవిడ చుట్టూ కూర్చున్నారు. తిడతారనుకున్నాను. ఆవిడ చెంగుతో ఒక పిల్ల ముఖం తుడిచి నవ్వారు.

"వరస ఒక్క అడుగైనా సెడిందా?"

"లేదండి."

"మరింకేటి? నేర్పినట్టే ఆడేరు. గట్టు ఎటుందో సెప్పకపోడం నా తప్పు. ఇప్పుడు సూడండి." ఆవిడ లేచి, వైపులు మారాక అవతలి జట్టుది కాబోయే గట్టు ముందరి గోలు వైపు చెయ్యి చూపించారు. "గట్టు అటేపుంది. ఈసారి వరస ముందుకి నడవాల. పాట మాత్రం అదే."

రెండో సగంలో ఆ వరస ముందుకి నడిచింది. పాట వేగం పెరిగింది. అవతలి పిల్లలు ఎప్పటిలాగే మా గోలు దగ్గరికి వచ్చి బంతి కోసం ఎదురు చూస్తుంటే, మావాళ్ళ వరస మొత్తం ఒక్కసారిగా వాళ్ళని దాటి ముందుకి జరిగిపోయేది. అలా వరసకి వెనక, మా గోలు వైపు ఉండిపోయిన ఆటగత్తెకి బంతి అందిస్తే అది ఆఫ్‌సైడు, తప్పు కింద లెక్క. రిఫరీ విజిలూదడం, వాళ్ళు బిత్తరపోవడం. వాళ్ళతో వచ్చిన మాస్టరుగారికి ముందు అర్థమైంది. ఆయన తొడ మీద చరుచుకుని, పెద్దగా నవ్వి చప్పట్లు కొట్టారు.

ఒక గోలు వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఇద్దరూ సమానమయ్యారు. మా మిల్లు కలాసీ కూతురు ఒక పొట్టి పిల్ల ఉండేది, ఎడంకాలి వాటం. దానికి చక్కటి అదను దొరికింది గాని బంతి కర్ర పక్కనుంచి పోయింది. అక్కడే నిలబడి బావురుమంది.

"ఏడుస్తే ఏడువే! పరిగెడతా ఏడువు!" అని టీచరమ్మగారు గ్రౌండు అంచు నుంచి కేకేశారు.

ఆ పిల్ల ఏడుస్తూనే పరిగెత్తింది. ముక్కు తుడుచుకుంటూ పరిగెత్తింది. బంతి మళ్ళీ దాని ముందుకే దొర్లింది. ఎడంకాలితో ఒక్కటి తన్నింది. మూడో గోలు అదే, చివరిదీ అదే. కలాసీ తలపాగా ఊడదీసి గాలిలో తిప్పుతూ, "నా బొట్టేరా! నా బొట్టే!" అని గ్రౌండంతా తిరిగాడు. బొట్టె అంటే మావైపు ఆడపిల్ల. మా అమ్మ నన్ను వీపు మీద చరిచింది. నవ్విన జనమే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. ఒడియా పిల్లలు మావాళ్ళ దగ్గర కాసెకట్టు నేర్చుకుని గాని రైలెక్కలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, రిటైరయ్యే ముందు, ఆవిడ ఒక పొద్దున్న పేపరు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. మన దేశపు ఆడపిల్లల జట్టు ఆసియా దేశాల పోటీలో ఫైనల్‌దాకా వెళ్ళి రెండో స్థానంలో నిలిచిందట. చివరి పేజీలో నాలుగైదు వరసల వార్త.

"ఓడిపోయారు కదండీ" అన్నాను.

"ఫైనల్లో ఓడాలంటే ముందు ఫైనల్‌కి ఎళ్ళాల కదా గుమస్తాగారూ" అన్నారు. "ఎళ్ళేరు. అది సూడండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన వెలుగు, మా ఊళ్ళో గెలిచిన రోజు కంటే తక్కువేమీ కాదు. ఆవిడ నేర్పిన పిల్లలెవరూ ఆ జట్టులో లేరు. అయినా ఆ పేపరు మడతపెట్టి తల్లికి చూపించడానికి తమ వాటాలోకి పరుగులాంటి నడకతో వెళ్ళారు.

కబురు తెలిసినప్పటి నుంచి నా కళ్ళ ముందున్నది మాత్రం ఆ ఆట జరిగిన మర్నాటి సాయంత్రం. స్కూలు గంట కొట్టారు. మగపిల్లలు సున్నం గీత అవతల చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆడపిల్లలు మొత్తం గ్రౌండులోకి వచ్చారు గాని, ఎటు నిలబడాలో తెలియక ఇంకా తమ పాత సగంలోనే గుమిగూడారు. ఆవిడ గోనె సంచి లోంచి బంతి తీసి సరిగ్గా నడిమధ్యన పెట్టారు. అన్నేళ్ళలో ఆవిడ బంతిని తన్నగా నేను చూడలేదు. ఆరోజు చెంగు నడుముకి బిగించి, చీర కాస్త ఎగ్గట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పరిగెత్తుకొచ్చి తన్నారు. బంతి తాటిచెట్ల ఎత్తు దాటి ఎండలోకి లేచింది. మగపిల్లలు, ఆడపిల్లలు, కిటికీలో హెడ్మాస్టరుగారు, గట్టు మీద మా అమ్మ అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఆవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని, పైకే చూస్తున్నారు.